జవాబు చెప్పకుండా జవాబివ్వడం: పర్ణశాల ప్రశ్నకు తొమ్మిది చిట్కాలు

ముందుగా అభినందనలు. కేంద్ర హోం శాఖలో పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు రాసే సెక్షన్‌లో మీకు కుర్చీ దొరికింది. సభ జరిగే రోజుల్లో లోక్‌సభ ఒక్కదానిలోనే, అన్ని శాఖలకూ కలిపి, రోజుకి 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు వస్తాయి. మొదటి రకానికి మంత్రిగారు నిలబడి నోటితో చెప్పాలి, ఆపైన అనుబంధ ప్రశ్నలూ కాచుకోవాలి. రెండో రకానికి కాగితం చాలు. ఆ కాగితం రాసేది మీరు. సభ్యుడు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి కంగారు పడకండి. తెలిసిన విషయాన్ని తెలియనట్టు రాయడానికి పదిహేను రోజులు బోలెడు.

చేయి తిరగడానికి ఒక ప్రశ్న మనమే అల్లుకుందాం.

"(ఎ) సల్వాజుడుం కాలం నుంచి ఛత్తీస్‌గఢ్ వదిలి వచ్చి, తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పర్ణశాల చుట్టుపక్కల దుమ్ముగూడెం, చర్ల మండలాల అడవుల్లో గుడిసెలు వేసుకున్న ఆదివాసీ కుటుంబాలెన్ని, (బి) వారి పునరావాసానికి పథకమేదైనా ఉన్నదా, (సి) ఉంటే వివరాలు, లేకుంటే కారణాలు, (డి) ఆ జిల్లాలో పోలీసు ఖర్చులకు కేంద్రం ఇచ్చిన నిధులెంత, (ఇ) ఆ నిధుల్లో ఈ కుటుంబాలకు చేరినదెంత?"

ప్రశ్న వెనక కథ మీకు బాగా తెలిసి ఉండాలి. తెలిస్తేనే దాన్ని జవాబులోకి చొరబడకుండా కాపలా కాయగలరు. 2005 జూన్‌లో దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. శిబిరానికి పోతే మావోయిస్టులకు కోపం, పోకపోతే జుడుంకి కోపం. ఆ రెండు కోపాల మధ్య నలిగిన వాళ్ళలో చాలామంది అడవి దారిన సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చిపడ్డారు. ఇక్కడి వాళ్ళు వాళ్ళను గుత్తికోయలంటారు. మిరప కోతలకు పోతారు, తునికాకు కోస్తారు, వాగు పక్కన పోడు కొట్టుకుంటారు. వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇక చిట్కాల్లోకి వెళదాం.

1. లెక్క పెట్టకండి

ఇది మూల సూత్రం, మిగతావన్నీ దీని పిల్లలు. లెక్కపెట్టిన మనిషికి బియ్యం కావాలి, బడి కావాలి, బోరింగు కావాలి. లెక్కలోకి రాని మనిషికి ఏమీ అక్కర్లేదు. 2020 సెప్టెంబరు 14న లోక్‌సభలో కార్మిక శాఖ ఈ సూత్రాన్ని ఎంత అందంగా వాడిందో చూడండి. లాక్‌డౌన్‌లో ఊళ్ళకు నడిచిపోతూ దారిలో చనిపోయిన వలస కూలీలెందరని అడిగితే అలాంటి లెక్కలు ఉంచడం లేదన్నారు. మరి వాళ్ళ కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అంటే, పై జవాబు దృష్ట్యా ఆ ప్రశ్నే ఉత్పన్నం కాదన్నారు. రెండు వాక్యాలతో పని అయిపోయింది. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి మీ బల్ల ముందు పెట్టుకోండి.

ఇతరులు మాత్రం లెక్క పెడుతూ ఉంటారు, వాళ్ళతో జాగ్రత్త. శాంతా సిన్హాగారు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు జాతీయ బాలల హక్కుల కమిషన్ 2007 డిసెంబరులో దంతెవాడకూ ఖమ్మానికీ వచ్చి ఈ గూడేల పిల్లల్ని చూసి వెళ్ళింది. జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ 2019లో ఈ కుటుంబాల సర్వే చేయమని రాష్ట్రాలను అడిగింది. ఇలాంటి కాగితాలు మీ శాఖ అల్మారాలోనూ ఉండొచ్చు. అల్మారా తెరవకండి. తెరిస్తే "లెక్కలు లేవు" అన్న మాట అబద్ధమవుతుంది. తెరవనంత కాలం అది నికార్సైన నిజం.

2. ఏడో షెడ్యూలును గొడుగులా పట్టుకోండి

జవాబు మొదటి వాక్యం మీరు రాయక్కర్లేదు, అది ముందే రాసి ఉంది: రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల అంశాలు. రాష్ట్రాల జాబితాలో ఒకటో పద్దు, రెండో పద్దు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, దాని గొప్పదనమే అది.

అదే షెడ్యూలులో కేంద్ర జాబితా 81వ పద్దు ఒకటుంది. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి జరిగే వలస కేంద్రం సంగతి అంటుంది అది. ఆ పేజీ మీద పేపర్‌వెయిట్ పెట్టండి.

ఇక బంతి రాష్ట్రాల మధ్య తిరుగుతూ ఉండాలి. వాళ్ళు మా నేల వదిలి పోయారని ఆ రాష్ట్రం, వాళ్ళు మావాళ్ళే కారని ఈ రాష్ట్రం, రెండు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకోవాలని మీరు. ఈ మధ్యలో గుత్తికోయ రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. కాని జవాబు మాత్రం ముగ్గురికీ బాగుంటుంది.

సరిహద్దు ఎంత పనికొచ్చే వస్తువో తెలియాలంటే పర్ణశాల బస్సెక్కండి. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం భద్రాచలం మండలాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపి, పట్టణాన్ని మటుకు తెలంగాణలో ఉంచారు. అందుకని రాముడి గుడి దగ్గర బస్సెక్కిన భక్తుడు ఎటపాక, కన్నాయిగూడెం మీదుగా ఆంధ్రలో కాసేపు తిరిగి మళ్ళీ తెలంగాణలోకొచ్చి, 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో దిగుతాడు. గంటసేపట్లో రెండుసార్లు రాష్ట్రం మారిన ఆ భక్తుణ్ణి ఏ రాష్ట్రం వాడివని ఎవరూ అడగరు. అదే అడవిలోకి ఇరవయ్యేళ్ళ కిందట సుక్మా వైపు నుంచి ఒక్కసారి వచ్చినవాణ్ణి ఇప్పటికీ అడుగుతున్నారు. దేశంలో ఎక్కడైనా తిరిగే, స్థిరపడే హక్కు 19వ అధికరణం ఇద్దరికీ ఇచ్చింది. ఈ సంగతి మీ జవాబులో రాకూడదు. భక్తుడికి అవసరం లేదు, రెండోవాడికి మీరు ఇవ్వరు.

3. ఏ పథకానికీ అందని పేరు ఎంచుకోండి

మనిషిని ఏమని పిలుస్తారన్న దాని మీద ప్రభుత్వం ఖర్చు ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఒక్కో పేరునూ పరీక్షించి పక్కన పెట్టండి.

శరణార్థి అనకండి. శరణార్థి అంటే దేశం సరిహద్దు దాటాలి, వీళ్ళు దాటింది రాష్ట్రం సరిహద్దే. ఒకవేళ దాటినా 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు.

నిర్వాసితుడు అనకండి. ఆ గౌరవం ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాడికి దక్కుతుంది. 2007 పునరావాస విధానం, 2013 భూసేకరణ చట్టం వాళ్ళ కోసం ఉన్నాయి. పక్క మండలాల్లో పోలవరం నిర్వాసితుణ్ణి అడిగితే ఆ గౌరవం రుచి ఎలా ఉంటుందో చెబుతాడు. కనీసం అతనికి ఫైలుంది.

వలస కార్మికుడు అనకండి. పాత 1979 చట్టం కంట్రాక్టరు తెచ్చిన కూలీల కోసం పుట్టింది. వీళ్ళను తెచ్చింది భయం. అది ఏ లైసెన్సూ తీసుకోలేదు.

షెడ్యూల్డు తెగ అని తొందరపడకండి. 342వ అధికరణం ప్రకారం ఆ జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. సొంత రాష్ట్రంలోని హోదా వలస వెళ్ళిన చోటికి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. అది ముంబైలో మెడికల్ సీటు కోసం వచ్చిన వ్యాజ్యం. సీటు కోసం కట్టిన గోడ ప్రాణం అరచేత పెట్టుకుని వచ్చినవాడికీ అడ్డం నిలిచిందంటే, గోడ ఎంత గట్టిదో గ్రహించండి.

అటవీ హక్కుదారు అని అసలే అనకండి. 2006 చట్టం ప్రకారం తెగవాడైతే 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి ఆ నేల మీద ఉండాలి. జుడుం మొదలైంది జూన్‌లో. అంటే ఊరు తగలబడ్డ మొదటి ఆరు నెలల్లోనే పరుగెత్తినవాడు తేదీ పరీక్ష పాసవుతాడు. అమ్మానాన్నల కోసం, పంట కోత కోసం, రేపు చల్లబడుతుందేమోనన్న ఆశతో ఆగినవాడు ఫెయిలవుతాడు. మొదటివాడూ ఇక్కడి తెగల జాబితా దగ్గర చిక్కుకుంటాడు. తెగవాడు కాదన్నారంటే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అడవిలో ఉన్నట్టు చూపించాలి.

ఇలాంటి మనిషికి ప్రపంచంలో పేరు లేకపోలేదు. సొంత దేశంలోనే గూడు చెదిరినవాళ్ళ కోసం ఐక్యరాజ్యసమితి 1998లోనే మార్గదర్శకాలు తయారు చేసింది. అయితే అవి చట్టం కావు, మార్గదర్శకాలు. మీరేమో దారి చూపించే ఉద్యోగంలో లేరు.

4. డబ్బు అడిగితే వరద పారించండి

(ఎ) దగ్గర చెయ్యి బిగించారు కదా, (డి) దగ్గర విప్పండి. పోలీసు బలగాల ఆధునికీకరణకు 2021-22 నుంచి 2025-26 వరకు 26,275 కోట్ల రూపాయలు అని మొదలెట్టండి. మావోయిస్టు ప్రభావిత రాష్ట్రాల్లో ఒక్కోటి 2 కోట్లతో 400 పటిష్ఠ పోలీసు స్టేషన్ల పథకం అనండి. 2025 ఏప్రిల్‌లో తీవ్ర ప్రభావిత జిల్లాలు 12 నుంచి 6కి తగ్గాయని, భద్రాద్రి కొత్తగూడెం అప్పట్లో "ఆందోళనకర జిల్లా"ల్లో ఉండేదని, తీవ్ర ప్రభావిత జిల్లాలకు 30 కోట్లు, ఆందోళనకర జిల్లాలకు 10 కోట్లు ప్రత్యేక సాయం ఉండేదని అనండి. సభ్యుడు జిల్లా లెక్క అడిగితే రాష్ట్రం లెక్క ఇవ్వండి. రాష్ట్రం లెక్క అడిగితే అన్ని రాష్ట్రాలదీ కలిపి అనుబంధంలో జత చేయండి. ఒక ఏడాది అడిగితే అయిదేళ్ళు ఇవ్వండి. అంకెల్లో మునిగినవాడు పైకి తేలాక తానేమడిగాడో తనకే గుర్తుండదు.

ఇక్కడ ఒక చోట కాలు జారే ప్రమాదముంది. భద్రతా సంబంధిత వ్యయం అనే పథకం కింద రాష్ట్రాలు పెట్టిన ఖర్చును కేంద్రం తిరిగి చెల్లిస్తుంది. దాని పద్దులు ఒకసారి చదవండి. బలగాలకు శిక్షణ ఉంది, బీమా ఉంది. హింసలో చనిపోయిన పౌరుడి కుటుంబానికి పరిహారం ఉంది. లొంగిపోయిన మావోయిస్టుకు పునరావాసం ఉంది. తుపాకి దించినవాడికి పద్దుంది, తూటా తగిలి పోయినవాడికి పద్దుంది. తుపాకి పట్టకుండా, తూటాకి దొరక్కుండా, పిల్లల్ని భుజానేసుకుని పారిపోయినవాడికి పద్దు లేదు. అందుకని పథకం పేరు రాయండి, పద్దుల జాబితా ఇవ్వకండి. తెలివైన సభ్యుడెవరైనా ఆ జాబితా పట్టుకుంటే (ఇ)కి జవాబు తనే రాసేసుకుంటాడు.

ఇంకో గొయ్యి దీనికంటే లోతు. సల్వాజుడుం కుర్రాళ్ళను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించినప్పుడు వాళ్ళ గౌరవ వేతనంలో ఎక్కువ వాటా వెళ్ళింది ఈ పథకం నుంచే. సల్వాజుడుంపై సుప్రీంకోర్టుకు చేరిన నందినీ సుందర్ కేసులో కేంద్రం, మన పని డబ్బు తిరిగి చెల్లించడం వరకేనని, శాంతిభద్రతలు రాష్ట్రానివని చెప్పుకుంది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనానికి ఆ మాట రుచించలేదు. 2011 జులై 5 తీర్పులో ఆ నియామకాలకు ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని కేంద్ర నిధులు వాడడం వెంటనే ఆపమంది. అంటే వీళ్ళను ఊళ్ళోంచి తరిమిన చేతులకు జీతం పంపినప్పుడు మనకు ఏడో షెడ్యూలు అడ్డం రాలేదు. తరిమేశాక వీళ్ళకు బియ్యం పంపమన్నప్పుడు వస్తోంది. ఈ తీర్పు తేదీని జవాబులో ఎక్కడా దొర్లనివ్వకండి.

5. "సేకరిస్తున్నాం" అని నోరు జారకండి

కొత్తవాళ్ళంతా చేసే పొరపాటు ఇది. "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అని రాశారా, అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని పుస్తకంలో రాసుకుంటుంది, మూడు నెలల్లో నెరవేర్చమంటుంది, మీ గది తలుపు తడుతుంది. దానికి బదులు "ఆ సమాచారం సంబంధిత రాష్ట్రాల వద్ద ఉంటుంది" అనండి. హామీ లేదు, అబద్ధమూ లేదు. బ్రిటన్‌లో ఇంకా మర్యాదైన పద్ధతి ఉంది. జవాబు వెతకడానికి 850 పౌండ్ల కంటే ఎక్కువ అవుతుందనుకుంటే ఖర్చు మితిమీరుతుందని చెప్పి ఊరుకోవచ్చు. మన దగ్గర అజ్ఞానం ఉచితం.

6. భాగాలన్నీ కలిపి కట్టండి

(ఎ)కి వేరుగా, (బి)కి వేరుగా రాస్తే ఏ గది ఖాళీగా ఉందో చూసినవాళ్ళకు తెలిసిపోతుంది. "(ఎ) నుంచి (ఇ) వరకు" అని ఒకే పేరా రాయండి.

7. మిజోరం మాట రానివ్వకండి

మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ తెగవాళ్ళు ఇరవయ్యేళ్ళకు పైగా శిబిరాల్లో గడిపారు. వాళ్ళ సంగతీ రెండు రాష్ట్రాల సంగతే. 2020 జనవరి 16న కేంద్రం ఆ రెండు రాష్ట్రాలనూ, బ్రూ సంఘాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, సుమారు 34,000 మందిని త్రిపురలోనే స్థిరపరచడానికి 600 కోట్ల ఒప్పందం మీద సంతకం చేయించింది. చేయించిన శాఖ ఏదో తెలుసుగా? మీదే. రాష్ట్ర సరిహద్దు దాటిన ఆదివాసీలకు ఇల్లు, స్థలం, రేషను ఇచ్చే దారి రాజ్యాంగంలో లేదని మీరు రాస్తున్నప్పుడు, పక్క గదిలో ఉన్న ఆ ఫైలు కనపడకుండా చూసుకోండి. ఎవరైనా ఎత్తితే "ఆ పరిస్థితులు వేరు" అనండి. ఏం వేరని అడిగితే ఈశాన్యం ఈశాన్యంలో ఉందని, ఇది ఆగ్నేయంలో ఉందని చెప్పండి.

8. అనుబంధ ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి

ప్రశ్నకు నక్షత్రం పడితే రెండు రకాల సభ్యులు లేస్తారు.

మొదటివారు నెత్తుటి మాట ఎత్తుతారు. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడులో పోడు భూమిలో నాటిన మొక్కల దగ్గర గొడవై, గుత్తికోయల దాడిలో అటవీ రేంజర్ ఒకరు చనిపోయారు. రోజుల్లోనే బెండాలపాడు గ్రామసభ గుత్తికోయలందరినీ వెనక్కి పంపేయాలని తీర్మానం చేసింది. దీనికి జవాబు మళ్ళీ పాత గొడుగే: శాంతిభద్రతలు రాష్ట్రానివి, చట్టం తన పని చేస్తుంది. అంతకంటే ముందుకు పోకండి. పోతే చాలా చెప్పాల్సి వస్తుంది. ఈ అడవిలో పట్టా కోసం ఎదురుచూస్తున్న స్థానిక కోయ రైతుకూ, తరుగుతున్న అడవిని కాపాడమని పైనుంచి ఒత్తిడి ఉన్న రేంజర్‌కూ, పోడు తప్ప బతుకు లేని గుత్తికోయకూ ఒకే నేల చూపించి, ఎవరికి ఎంతో చెప్పకుండా ఇన్నేళ్ళు ఊరుకున్నదెవరన్న దాకా మాట పోతుంది. ఒకడు చేసిన హత్యకు కోర్టు ఉంది. ఊరందరికీ వేసిన బహిష్కారానికి ఏముందని అడుగుతారు. అడిగేలోగా కూర్చోండి.

రెండోవారు పురాణం ఎత్తుతారు. పర్ణశాల కదా, తప్పదు. అయోధ్య నుంచి వచ్చిన ముగ్గురు గోదావరి ఒడ్డున ఆకుల గుడిసె వేసుకున్న చోటు అది అని జనం నమ్మకం. వాళ్ళకు ఏ రేంజరూ నోటీసు ఇవ్వలేదే అంటారు. మీ జవాబు చట్టబద్ధంగా ఉండాలి. సదరు ముగ్గురూ క్షత్రియులు, షెడ్యూల్డు తెగవారు కారు, కాబట్టి 75 ఏళ్ళ నివాసం చూపాలి. వనవాసం పద్నాలుగేళ్ళే, అందులోనూ పర్ణశాలలో ఉన్నది కొంత కాలమే. క్లెయిము చెల్లదు. సీతమ్మవారి అపహరణ శాంతిభద్రతల అంశం, రాష్ట్రాన్ని అడగాలి. వచ్చినవాడు సముద్రం అవతలివాడు, పైగా మారువేషంలో వచ్చాడు. అక్కడ మాత్రం కేంద్రానిదే బాధ్యత. అయితే పాత నాలుగు చట్టాల స్థానంలో వచ్చిన ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది, త్రేతాయుగానికి వర్తించదు. సభ నవ్వుతుంది. ఆ నవ్వులో, పర్ణశాలలో ఆకుల గుడిసె బొమ్మ ముందు భక్తులు బారులు తీరడం, కాస్త లోపలి అడవిలో అలాంటి గుడిసెనే అటవీ సిబ్బంది పీకేయడం ఎలా కుదురుతుందన్న అసలు ప్రశ్న కొట్టుకుపోతుంది.

9. నమూనా జవాబు దగ్గర పెట్టుకోండి

"(ఎ) నుంచి (ఇ) వరకు: భారత రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల అంశాలు. అయినప్పటికీ రాష్ట్రాల కృషికి కేంద్రం వివిధ పథకాల ద్వారా తోడ్పడుతోంది. వివరాలు అనుబంధంలో ఉన్నాయి. సదరు కుటుంబాల సమాచారం కేంద్ర స్థాయిలో నిర్వహించబడుట లేదు. పై దృష్ట్యా ఇతర భాగాలు ఉత్పన్నం కావు."

ఒక్క వాక్యంలోనైనా అబద్ధముందేమో వెతకండి. లేదు. నిజాలను వరుసగా పేర్చి నిజాన్ని దాచడం ఈ ఉద్యోగంలో మీరు నేర్చుకోవలసిన మొదటి, చివరి విద్య. ఈ పేరా దాచుకుంటే ప్రతి సమావేశంలోనూ తేదీ మార్చి వాడుకోవచ్చు.

కాకపోతే దీనికి ఒక గండం ఉంది. మావోయిజాన్ని అంతం చేయడానికి ప్రభుత్వం 2026 మార్చి 31 గడువు పెట్టుకుంది. జిల్లాలు జాబితాలోంచి ఒక్కొక్కటే రాలిపోతూ వచ్చాయి. "సమస్య తీరింది, ఇక ప్రశ్నే లేదు" అని రాసేయొచ్చని మీరు సంబరపడతారేమో. తప్పు. పోరు నడిచినంత కాలం మీ కాగితానికి అదే అడ్డుగోడ. పోరు ముగిసిందని మీరే ప్రకటించాక ఎవరో ఒకరు లేచి, అలాగైతే పారిపోయినవాళ్ళు ఇక ఇళ్ళకు పోవచ్చా, పోతే వాళ్ళ పొలాలు వాళ్ళకు ఎవరు ఇప్పిస్తారు, ఇక్కడే పుట్టి ఇక్కడి బడిలో చదువుకున్న పిల్లలు పోమంటే వాళ్ళకు ఏ రాష్ట్రం కాగితమిస్తుంది అని అడుగుతారు. ఆ ప్రశ్న మటుకు ఉత్పన్నమవుతుంది. దానికి ఏడో షెడ్యూలు చాలదు, అనుబంధం చాలదు. మీ బదిలీ దరఖాస్తు ఈ వారమే పెట్టేయండి.